ఫైబర్ బోటు డెక్ మీద రెయిలింగ్, లైఫ్ రింగు, ఫైర్ సిలిండర్: ఏది బిగించాలి, ఏది బిగించొద్దు

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత వచ్చి చదివేవాళ్ల కోసం క్లుప్తంగా మళ్లీ చెప్తున్నా. ములుగు దిక్కు ఒక చెరువులో మీ మత్స్య సంఘానికి 18 అడుగుల ఫైబర్ బోటు ఉంది, వెనక 15 హార్స్‌పవర్ ఇంజన్. చేపల పని లేని రోజుల్లో జనాన్ని తిప్పుతారు. మొన్న ఒక పిల్లవాడు రెయిలింగ్ మీద వాలితే పోల్ స్క్రూలతో సహా ఊడి వచ్చింది. పక్కనున్నాయన చొక్కా పట్టుకుని ఆపాడు కాబట్టి సరిపోయింది. ఆ భయంతో సంఘం డబ్బులు పెట్టి 2 లైఫ్ రింగులు, ఒక ఫైర్ సిలిండర్, 12 లైఫ్ జాకెట్లు, వాటికొక ఇనుప పెట్టె కొన్నారు. "ఇవన్నీ డెక్‌కు గట్టిగా బిగించాలి, ఇంకా పొడుగు స్క్రూలు కొట్టి ఎం-సీల్ పెడితే ఆగుతాయా అన్నా?" అని అడిగావు.

ఆగవు. అది ఒక సంగతి. అన్నీ గట్టిగా బిగించాలన్న ఆలోచన కూడా సగమే కరెక్టు.

కాకినాడలో ఫైబర్ బోట్ల షెడ్డులో 9 ఏళ్లు పనిచేసి, ఇప్పుడు హన్మకొండలో అదే ఫైబర్ పని చేసుకుంటున్నా. ఇన్నేళ్లలో రిపేరుకు వచ్చిన బోట్లలో ఎక్కువగా చూసిన తప్పు ఒకటే. మనిషి బరువు మోయాల్సినవి స్క్రూల మీద ఊగుతుంటాయి. ఆపద వచ్చినప్పుడు ఒక్క గుంజుకు ఊడి రావాల్సినవి మాత్రం తాళ్లతో, తాళాలతో కదలకుండా ఉంటాయి. రెయిలింగ్ పోల్, పట్టుకునే హ్యాండిల్, తాడు కట్టే క్లీటు మొదటి రకం. లైఫ్ రింగు, జాకెట్లు, ఫైర్ సిలిండర్ రెండో రకం. రెండో రకంలో బిగించాల్సింది స్టాండును. వస్తువును కాదు.

ముందు రెయిలింగ్ సంగతి చూద్దాం, నీకు అసలు దెబ్బ తగిలింది అక్కడే.

నీ డెక్ కోసి చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి. పైన 3, 4 మిల్లీమీటర్ల ఫైబర్, మధ్యలో ప్లైవుడ్డో ఫోమో, కింద మళ్లీ పల్చటి ఫైబర్. స్క్రూకు గట్టి పట్టు దొరికేది ఆ పై పొరలోనే, అందులో పట్టేది రెండు మూడు మరలు. మిగతా స్క్రూ అంతా ప్లైవుడ్‌లో ఉంటుంది. స్క్రూ పక్క నుంచి నీళ్లు దిగినన్ని రోజులు ఆ చెక్క మెత్తబడుతూనే ఉంటుంది. రెండు వానాకాలాలు గడిస్తే స్క్రూ చుట్టూ మిగిలేది తడిసిన అట్టముక్క. అందులోకి ఇంకా పొడుగు స్క్రూ దించితే ఏం లాభం? ఇంట్లో గోడకు కొట్టినట్టు రావల్ ప్లగ్గు దించి స్క్రూ వేసినవాళ్లనూ చూశాను. ప్లగ్గు వెడల్పయి బిగియాలంటే చుట్టూ ఇటుకో కాంక్రీటో ఉండాలి. ఫైబర్‌లో అయితే పగులు తెప్పిస్తుంది.

పోల్ మీద పడే బలం ఎంతో చిన్న లెక్క వేసుకో. పోల్ ఎత్తు 60 సెంటీమీటర్లు, కింద ప్లేటులో లోపలి బోల్టుల నుంచి బయటి అంచుకు 10 సెంటీమీటర్లు అనుకుందాం. 80 కిలోల మనిషి తన బరువంతా పై కడ్డీ మీద వేస్తే, కింద ఆ బోల్టుల మీద పైకి లాగే బలం 480 కిలోలు. గడ్డపార వేసి బండ లేపడం చూశావు కదా, ఇక్కడ గడ్డపార నీ పోలే, లేచే బండ నీ డెక్. లోపలి వైపు రెండు బోల్టులుంటే ఒక్కోదానికి 240 కిలోలు. 8 ఎంఎం స్టెయిన్‌లెస్ బోల్టుకు ఇది లెక్కే కాదు. తల మీద ఏ2-70 అని ఉన్న బోల్టు తెగాలంటే 2.5 టన్నులు గుంజాలి. అందుకే బోల్టు తెగిన కేసు నా దగ్గరికి ఇంతవరకు రాలేదు. చిరిగేది ఎప్పుడూ డెక్కే. కాబట్టి బోల్టు సైజు గురించి టెన్షన్ పెట్టుకోకు, ఆ బలం డెక్‌లో ఎంత మేరకు పరుచుకుంటుందో అది చూసుకో.

అందుకు ఉన్న దారి ఒకటే. బోల్టు డెక్‌ను ఆరపార దిగాలి, కింద వెడల్పయిన ప్లేటు ఉండాలి, దాని మీద నట్టు పడాలి. సముద్రంలో దూరం రేసులకు పోయే తెరచాప పడవల్లో మనుషులు నడుముకు బెల్టు కట్టుకుని డెక్ పొడుగునా ఉన్న పట్టీకి తగిలించుకుంటారు. ఆ పట్టీ కొసలు పట్టే ప్లేట్లు ఆరపార బోల్టు వేసినవో, వెల్డింగ్ చేసినవో, అంత బలమున్నవో అయ్యుండాలని వాళ్ల నిబంధన. చెరువులో మనకు ఆ బెల్టు అక్కర్లేదు. పిల్లలు వాలే రెయిలింగ్‌కు మాత్రం ఆ పద్ధతి కావాలి.

డ్రిల్లు పట్టుకునే ముందు రెండు పనులు చెయ్యి. స్క్రూడ్రైవర్ వెనక పిడితో డెక్ అంతా తట్టుకుంటూ పో. గట్టిగా ‘టక్ టక్’ అంటే మంచిది. ‘బొద్ బొద్’ అని మెత్తగా పలికితే లోపల చెక్క పొరలు విడిపోయాయి, అక్కడ ఏదీ బిగించొద్దు. తర్వాత డెక్ కింద ఏముందో చూడు. పెట్రోలు ట్యాంకో వైర్లో ఉంటే సరే, జరిగి వేసుకుంటావు. కానీ కొన్ని బోట్లలో పక్కల వెంట, ముందు మూతి దగ్గర మూసేసిన గాలి గదులుంటాయి. బోటు నీళ్లతో నిండినా మునిగిపోకుండా పట్టేవి అవే. సేఫ్టీ సామాను బిగిస్తున్నామని ఆ గదికే బొక్క పెట్టిన ఘనులు ఉన్నారు. రామప్ప గుడి గోపురం ఇటుక నీళ్లలో తేలుతుంది, అది కాకతీయుల పనితనం. మన ఫైబర్ మాత్రం నీళ్లకన్నా బరువు, గాలి గది పోతే రాయిలా దిగుతుంది. అక్కడే పోల్ రావాలంటే డ్రిల్లు పక్కన పెట్టి, తలలేని బోల్టులు వెల్డ్ చేసిన ప్లేటును డెక్ పైనే ఫైబర్ పొరలతో కప్పి అతికించాలి. అది తెలిసినవాళ్లతో చేయించు.

ఇక బొక్క వేసే పద్ధతి. దీన్ని కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే పనంతా ఇక్కడే ఉంది.

డెక్ మీద మాస్కింగ్ టేప్ అతికించి, పోల్ కింది ప్లేటు పెట్టి పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకో. డ్రిల్లును మొదట రివర్స్‌లో ఒక క్షణం తిప్పితే పై రంగు పొర పెచ్చు లేవకుండా గుంత పడుతుంది, తర్వాత మామూలుగా తిప్పు. ముందు 3 ఎంఎం బిట్టుతో ఒక్క బొక్కే వేసి, బిట్టు మీద వచ్చిన పొడి చేతిలోకి తీసుకో. లేత రంగులో పొడిపొడిగా ఉంటే లోపల చెక్క బాగుంది. వాడేసిన టీపొడిలా నల్లగా, తడిగా వేళ్లకు అంటుకుంటే చెక్క కుళ్లింది. అలా వస్తే అక్కడితో ఆపెయ్యి. ముందు డెక్ రిపేరు, ఆ తర్వాతే రెయిలింగ్.

బాగుందనుకుందాం. 8 ఎంఎం బోల్టుకు ముందు 16 ఎంఎం బొక్క వెయ్యి, కానీ పై పొర, మధ్య చెక్క వరకే. కింది పొరకు చిన్న బొక్క చాలు. వంచిన మేకునో పాత ఆలెన్ కీనో డ్రిల్లుకు పెట్టి తిప్పితే బొక్క చుట్టూ చెక్క ఇంకొంచెం లోపలికి ఊడి వస్తుంది. దుమ్ము ఊదెయ్యి, కింది వైపు టేప్ వెయ్యి. కొంచెం ఎపాక్సీ (రెండు డబ్బాలవి కలిపితే గట్టిపడే జిగురు) పల్చగానే బ్రష్‌తో లోపల చెక్కకు తాగించు. మిగిలినదాంట్లో సిలికా పౌడర్ కలుపు, గారెల పిండిలా గరిటె నుంచి జారకుండా ఉండాలి. దాంతో బొక్క నిండుగా పూడ్చు. మర్నాటికి రాయిలా అవుతుంది. దాని నడిమధ్యలో 8.5 ఎంఎం బొక్క వెయ్యి. ఇప్పుడు బోల్టు పోయేది ఎపాక్సీ గొట్టంలోంచి. నీళ్లు దిగకుండా ప్లేటు కింద పూసే సీలెంట్ ఎప్పుడన్నా ఫెయిలైనా నీళ్లు చెక్కను ముట్టవు, బోల్టు బిగిస్తే మధ్యలో చెక్క నలగదు.

ఇక్కడ మామూలు ఫైబర్ రెజిన్ వాడొచ్చు కదా అని షాపువాళ్లు అంటారు, చవక కాబట్టి. పాలియెస్టర్ రెజిన్ గట్టిపడేటప్పుడు ముడుచుకుంటుంది, చెక్కను ఎపాక్సీ పట్టినంత పట్టదు. నాలుగు బోల్టుల పనికి అక్కడ పొదుపు చెయ్యకు. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం ఎపాక్సీ కలపకు, మన ఎండలకు డబ్బాలోనే పొగలొచ్చి గడ్డకడుతుంది. పొద్దున్నే, టీ గ్లాసులో సగం చొప్పున కలుపుకో.

కింద పెట్టే ప్లేటుకు 12 ఎంఎం మెరైన్ ప్లైవుడ్, అంటే ఐఎస్ 710 ముద్ర ఉన్నది, అన్ని వైపులా ఎపాక్సీ పూసి వాడు. లేదంటే 5 ఎంఎం అల్యూమినియం. పైనున్న ప్లేటు కన్నా అన్ని దిక్కులా కనీసం 25 ఎంఎం పెద్దగా కోసి, మూలలు గుండ్రంగా అరగదియ్యి. మూల పదునుగా ఉంటే డెక్ వంగిన ప్రతిసారీ అక్కడే పొడిచి పగులు తెస్తుంది. ప్లేటు కింద మడ్‌గార్డ్ వాషర్ (వెడల్పుది), నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి అదురుకు వదులు కానిది). మామూలు వాషర్ చిన్నది, దాన్ని నమ్మకు.

బోల్టులు కొనేటప్పుడు అయస్కాంతం పట్టుకెళ్లి ‘అంటుకోలేదు కాబట్టి మంచి స్టీలే’ అనుకోకు. చవకరకం 202 గ్రేడు కూడా అంటుకోదు, కానీ తుప్పు త్వరగా వస్తుంది. తల మీద ఏ2 అని ఉంటే 304, ఏ4 అని ఉంటే 316. సముద్రానికైతే 316 అంటాను. మన చెరువు మంచినీళ్లకు 304 చాలు, ఆ డబ్బు మిగిల్చి మంచి సీలెంట్ కొను.

సీలెంట్ అంటే బాత్రూమ్‌కు వాడే సిలికాన్ ట్యూబు తెచ్చేవు. పుల్లటి వెనిగర్ వాసన వచ్చేది అదే. ఆ ఆమ్లం లోహానికి మంచిది కాదు, పైగా ఒక్కసారి సిలికాన్ అంటిన చోట రేపు ఎపాక్సీ పట్టదు, పెయింటూ పట్టదు. పాలీయూరిథేన్ సీలెంట్ తీసుకో. బోట్లకని అమ్మేది దొరక్కపోతే, కారు అద్దాలు అతికించేవాళ్లు వాడే నల్ల ట్యూబు ప్లేటు కింద బాగానే పనిచేస్తుంది. ఎండ తగిలితే దెబ్బతింటుంది కాబట్టి బయటికి పొంగినది తుడిచెయ్యి. ఎం-సీల్ ఇంట్లో పైపు లీకేజీకి మంచిదే, కానీ బోటు డెక్ అలల మీద వంగుతూ లేస్తూ ఉంటుంది. ఎం-సీల్ వంగదు, పగులుతుంది.

బిగించే ముందు బొక్క పై అంచును కొంచెం వెడల్పుగా గీకు, గిన్నె అంచులా. సీలెంట్ ఆ గుంతలో నిండి బోల్టు మెడ చుట్టూ రింగులా కూర్చుంటుంది. నీళ్లు ఆపేది ప్లేటు కింద పల్చగా నలిగిన సీలెంట్ కాదు, ఈ రింగే. పైన ఒకడు బోల్టు తల కదలకుండా పట్టుకోవాలి, కింద ఇంకొకడు నట్టు తిప్పాలి. బోల్టునే తిప్పితే ఆ రింగు చిరుగుతుంది. ఈ ఒక్క మాట నాకు కాకినాడలో మేస్త్రీ నోటితో చెప్పలేదు, స్పానర్‌తో వేళ్ల మీద కొట్టి చెప్పాడు. సీలెంట్ చుట్టూ సమంగా పొంగేదాకా బిగించి ఆపు, మొత్తం పిండేసేలా బిగించకు.

క్లీటుకు, పట్టుకునే హ్యాండిళ్లకు ఇదే పద్ధతి. లంగరుకు మాత్రం ఒక మాట. మన పాత చెరువుల్లో మునిగిన మోడులు, బండలు ఉంటాయి, లంగరు వాటికి తగులుకున్నప్పుడు బోటు బరువంతా ఒక్క క్లీటు మీద పడుతుంది. దాని కింది ప్లేటు రెయిలింగ్ ప్లేటు కన్నా పెద్దదే వెయ్యి.

ఇప్పుడు రెండో రకం. కొన్నేళ్ల కింద ఇంజన్ స్టాండు పని మీద ఒక చెరువుకు పోయాను. కట్ట దగ్గర్లోనే, మత్తడి వైపు తిరుగుతుండగా, వెనక కూర్చున్న కుర్రాడు కాలు జారి నీళ్లలో పడ్డాడు. ఈత అంతంతమాత్రం. లైఫ్ రింగు రెయిలింగ్‌కే ఉంది, నాకు జానెడు దూరంలో. దాన్ని నాలుగు ప్లాస్టిక్ ట్యాగ్‌లతో బిగించారు, ఎలక్ట్రీషియన్లు వైర్లకు వేసేవి. డ్రైవర్ చేత్తో లాగాడు, పంటితో కొరికాడు. రెండు తెగాయి, రెండు తెగలేదు. చివరికి తెడ్డు చాపితే దాన్ని పట్టుకుని పైకి వచ్చాడు కుర్రాడు. ఎందుకు అలా కట్టారని అడిగితే, ఊరి పిల్లలు ఈతకు ఎత్తుకుపోతున్నారన్నారు. వాళ్ల బాధా నిజమే, కొత్త రింగు ఊరికే రాదు. కానీ ఆ పూట ఆ రింగు ఉన్నా లేనట్టే.

సముద్ర ఓడల అంతర్జాతీయ నిబంధనల్లోనే లైఫ్ రింగును శాశ్వతంగా ఏ విధంగానూ బిగించకూడదని, క్షణాల్లో విసిరేలా ఉండాలని రాశారు. ఆ ఓడల మీద కట్టే లైఫ్ రాఫ్టు (ఆపదలో ఎక్కే తెప్ప) పెట్టెకు ఇంకా ఒక ఏర్పాటు ఉంటుంది. ఓడ మునిగి నీటి లోతు 4 మీటర్లు దాటేలోపు ఆ పీడనానికే కట్టు దానంతట అదే తెగి రాఫ్టు పైకి తేలుతుంది. అంత పెద్ద ఓడవాళ్లే వస్తువు డెక్‌ను వదిలి ఎలా పోవాలో ఇంతగా ఆలోచించి కట్టుకున్నారు.

నువ్వు చెయ్యాల్సింది తేలిక. పైన తెరిచి ఉన్న యు ఆకారం స్టాండు చేయించు, స్టాండును మాత్రం ఆరపార బోల్టులతో బిగించు, రింగు అందులో ఊరికే కూర్చోవాలి. గాలిదుమారానికి ఎగిరిపోతుందంటే సన్నటి పత్తి దారం ఒక చుట్టు వెయ్యి, చేత్తో గుంజితే తెగేది. నైలాన్ దారం వద్దు. దొంగల భయానికి సాయంత్రం రింగులు ఇంటికి తీసుకుపో, పొద్దున మళ్లీ పెట్టు. ఒకటి డ్రైవర్ చెయ్యి అందేంత దగ్గర, ఇంకొకటి బోటు మధ్యలో. రింగుకు కట్టే తాడు పాలీప్రొపిలీన్‌ది కావాలి, అది నీళ్ల మీద తేలుతుంది. నైలాన్ తాడు మునుగుతుంది, మునిగిన తాడు ఇంజన్ ఫ్యాన్‌కు చుట్టుకుంటుంది. 15, 20 మీటర్లు చాలు, చిన్న గుడ్డ సంచిలో వదులుగా కుక్కి పెట్టు, చుట్టలు చుట్టకు. చుట్టిన తాడు విసిరేటప్పుడే చిక్కుపడుతుంది.

జాకెట్ల పెట్టె విషయంలో నా అభిప్రాయం నీకు నచ్చకపోవచ్చు: ఆ ఇనుప పెట్టె వెనక్కి ఇచ్చెయ్యి. 12 జాకెట్లు 12 మంది ఒంటి మీద ఉండాలి, బోటు ఎక్కేముందే కట్ట మీదే తొడిగించు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో మన కాజీపేట పక్కన కడిపికొండ వాళ్లు కూడా ఉన్నారు. అలాంటి క్షణంలో పెట్టె తెరిచి సైజు చూసి బకిల్ పెట్టుకునే టైమ్ ఎవరికీ ఉండదు. పైగా ఇనుప పెట్టె డెక్ మీద ఎత్తులో పెడితే చిన్న బోటు ఇంకా ఊగుతుంది. సామాను దాచడానికి ఒక పెట్టె కావాల్సిందే అంటే తేలికైన ప్లాస్టిక్‌ది తీసుకుని కింద అడుగున పెట్టు, తాళం వెయ్యకు. జాకెట్లన్నీ కలిపి ఒక తాడుకు గుచ్చి కట్టడం కూడా తాళం వేసినట్టే.

ఫైర్ సిలిండర్ 2 కిలోల ఏబీసీ పౌడర్‌ది చాలు, మీది పెట్రోలు ఇంజన్ కాబట్టి అది పనికొస్తుంది. ఐఎస్ 15683 ముద్ర ఉందో చూడు. దాన్ని ఇంజన్ పక్కన పెట్టకు. మంట లేచేది అక్కడే, మంటలో చెయ్యి పెట్టి సిలిండర్ తీస్తావా? డ్రైవర్‌కు అందేచోట, పెట్రోలు ట్యాంకుకు దూరంగా, ఒక్క క్లిప్పు లాగితే ఊడే పట్టీ ఉన్న స్టాండులో పెట్టు. ఇంజన్ అదురుకు లోపల పౌడర్ అడుగున గడ్డకడుతుంది, నెలకోసారి తలకిందులు చేసి ఊపు. ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో బయల్దేరేముందు రోజూ ఓసారి చూడు.

ఇంజన్ బోటుకు 2021లో వచ్చిన ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్, సర్వే ఉంటాయి. పాత 1917 చట్టం స్థానంలో వచ్చింది ఇది. మీ బోటు కాగితాలు చూసే సర్వేయర్ ఉంటే రెయిలింగ్ ఎత్తు, రింగుల స్థలం ముందే ఆయనతో మాట్లాడుకో. బొక్కలు వేశాక జరపమంటే మళ్లీ పూడ్చుకోవాలి.

పని అయ్యాక రెండు పరీక్షలు. ఒడ్డున కట్టిన బోటులో ఇద్దరు పెద్దవాళ్లు ప్రతి పోల్‌ను బయటికి, లోపలికి గట్టిగా ఊపాలి, నువ్వు కింది ప్లేటు పక్కన డెక్‌కు అరచెయ్యి ఆనించి ఉండు. డెక్ బుసబుసా లేస్తున్నట్టు తెలిస్తే ప్లేటు సరిపోలేదు, పెద్దది వెయ్యి. తర్వాత పోల్ మొదట్లో బకెట్ నీళ్లు పోసి, కింద నట్టు చుట్టూ టిష్యూ కాగితం అద్ది చూడు. చుక్క తడి తగిలినా విప్పి మళ్లీ సీలెంట్ వెయ్యాల్సిందే. రింగుకు పరీక్ష వేరే: డ్రైవర్ కళ్లు మూసుకుని, కూర్చున్నచోటి నుంచి, ఎడమచేత్తో తీసి విసరాలి. అయిదు లెక్కపెట్టేలోపు నీళ్లలో పడకపోతే స్టాండు స్థలం మార్చు.

ఊడిపోయిన పోల్ దగ్గర పాత స్క్రూ బొక్కల్లో ఒక్కదాంట్లోకి సన్నటి మేకు దించి, గీకి తీసి, దాని కొసకు ఏం అంటుకుని వచ్చిందో రేపు ఫొటో తీసి పెట్టు. చెక్క తడిగా ఉంటే ఇంకా బోల్టులు కొనకు, డెక్ కోసే పని ముందుంది, అది ఎలాగో అప్పుడు రాస్తా.